అద్దెకు తెచ్చిన ఎలుగుబంటి

మన మోరిస్‌విల్ తెలుగువాళ్ళ సంఘం ఈ ఉగాది సావనీర్‌లో, మన మధ్య నుంచి పోయినవాళ్ళ గురించి తలా ఒక పేజీ వేస్తోంది. మా ఆయన గురించి నన్ను రాయమన్నారు. ఏం చదివారు, ఎక్కడెక్కడ పనిచేశారు, సంఘానికి ఏం చేశారు, ఈ మూడూ ఉంటే చాలన్నారు. నేను తొమ్మిదో తరగతితో ఆపేసినదాన్ని. ఉత్తరాలు తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. అయినా ఇది ఇంకొకరి చేత రాయించే సంగతి కాదు. పేజీ దాటిపోయింది, ఏమనుకోకండి.

మా ఆయన పేరు చక్రపాణి. మాది ఉద్దానం, సోంపేట దగ్గర జీడితోటల ఊరు. ఆయన ఎమ్మెస్సీ చదివి, హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చేసి 2000లో అమెరికా వచ్చారు. మరుసటి ఏడు నేను వచ్చాను. పార్సిప్పనీలో మూడేళ్ళు, షాంటిలీలో రెండేళ్ళు, ఆ తర్వాత ఇక్కడే. ఆయన పని టెస్టింగ్. ఇంకొకరు రాసిన ప్రోగ్రాంలో తప్పులు వెతికి చెప్పాలి. చెప్పినందుకు రాసినవాళ్ళు విసుక్కునేవారు. మాకు పిల్లలు లేరు.

మాట్లాడటం ఆయనకి చేతనయ్యేది కాదు. నత్తి కాదు, బిడియం. ఎవరింటికైనా పుట్టినరోజు పార్టీకి వెళితే మగవాళ్ళంతా చుట్టూ చేరి అడిగేవి నాలుగే ప్రశ్నలు. ఏ కంపెనీ? డైరెక్టా, కన్సల్టెంటా? గ్రీన్‌కార్డు ఏ స్టేజ్‌లో ఉంది? ఇల్లెప్పుడు కొంటున్నారు? ఈ నాలుగింటికీ ఆయన దగ్గర పెద్ద జవాబులు ఉండేవి కావు. అందుకని ప్లేటు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడేవారు. నేను వంటింట్లోంచి చూస్తూనే ఉండేదాన్ని. నాకు చిన్నతనంగా ఉండేది. ఆయన కోసం కాదు. నా కోసమే.

2007 వేసవిలో ఒక శనివారం మధ్యాహ్నం ఆయన భుజాన పెద్ద చుట్ట ఒకటి వేసుకుని వచ్చారు. విప్పితే నల్లటి బొచ్చు గుడ్డ. బెత్తెడు పొడుగు వెంట్రుకలు.

"ఏటండీ ఇది? కంబళా?"

"కాదు. నువ్వు కుట్టగలవా?"

"ఏటి కుట్టాలి?"

ఆయన కాసేపు గుడ్డనే నిమురుతూ కూర్చున్నారు. "ఎలుగుబంటి," అన్నారు.

"ఎవరికి?"

"నాకే."

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. అప్పుడు తెలిసింది, ఏడాదిగా శనివారాలు బ్యాడ్మింటన్ అని చెప్పి వెళుతున్నది బ్యాడ్మింటన్‌కి కాదని.

"వాళ్ళని ఫర్రీలంటారు కాంతం. ఒక్కొక్కరూ ఒక జంతువుని తమది అనుకుంటారు. దానికి పేరు పెట్టుకుంటారు, బొమ్మలు గీయించుకుంటారు. కొందరు దాని రూపం ఒంటికి కుట్టించుకుని తొడుక్కుంటారు. ఫర్‌సూట్ అంటారు దాన్ని. అది తొడుక్కున్నాక నోరు విప్పకూడదు. నలుగురిలో తల తీయకూడదు. లోపల మనిషి ఉన్నాడని చూసేవాళ్ళకి గుర్తు రాకూడదు. అదీ రూలు."

నోరు విప్పకూడదు అని చెప్పేటప్పుడు ఆయన ముఖం ఎలా వెలిగిందో ఇప్పటికీ నా కళ్ళకి కట్టినట్టుంది.

"ఇన్ని జంతువులుండగా ఎలుగుబంటేనా?" అన్నాను. మా వైపు దాని పేరు ఎవరూ సరదాకి ఎత్తరు. జీడిపిక్కలు ఏరడానికి వెళ్ళినవాళ్ళ మీద పడుతుంది. మా పెద్దమ్మ చెంప మీద దాని గోళ్ళ చారలు ఆవిడ పోయేదాకా ఉన్నాయి.

"నాకు పదేళ్ళప్పుడు తోటలో ఒకదాన్ని చూశాను. ఎవరికీ చెప్పలేదు, నమ్మరని. ఇంతదూరంలో నిలబడి నన్ను చూసింది. ఏమీ అడగలేదు. చెట్టుకి వీపు గోక్కుని దాని దారిన అది పోయింది."

ఏమీ అడగలేదు అన్నారు. మనిషి గురించి చెప్పినట్టు.

నాకేమో ఒకటే మాట చెవిలో గింగురుమంటోంది. వేషం. మా ఊరికి పగటివేషగాళ్ళు వచ్చేవాళ్ళు. ఎంత బాగా ఆడినా మా అమ్మ వాళ్ళకి గడప బయటే బియ్యం పోసేది. చేటతో పైనుంచి. ఎమ్మెస్సీ చదివి అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మనిషి వేషం కడతాడా? ఈ సంగతి మనవాళ్ళలో ఎవరికీ తెలియకూడదని ఆయన దగ్గర మాట తీసుకుని మిషను ముందు కూర్చున్నాను.

ఇక్కడి ఆడవాళ్ళకి జాకెట్లు, చీరలకి ఫాల్సు కుట్టిపెడుతూ ఉండేదాన్ని. డిపెండెంట్ వీసా మీద పని చేయకూడదు కాబట్టి ఊరికే. అందువల్ల నాలుగు ఇళ్ళలో నా పేరు మంచిగా ఉండేది. ఈ బొచ్చు గుడ్డ మాత్రం ఏ జాకెట్ గుడ్డలాగానూ మాట వినదు. కత్తెర పెడితే వెంట్రుకలు మొద్దుగా తెగిపోతాయి. వెనక్కి తిప్పి, కింద ఉన్న గుడ్డ మాత్రమే తెగేలా బ్లేడుతో గీయాలి. ఇల్లంతా నల్ల వెంట్రుకలు. పప్పులో, పక్క మీద, దేవుడి పటాల మీద. తల ఆయనే స్పాంజితో చెక్కారు. కళ్ళకి జల్లెడ లాంటి నల్ల గుడ్డ, ముక్కు దగ్గర ఊపిరాడటానికి చిన్న ఫ్యాను.

ఆ రోజుల్లోనే విద్య తన పట్టు జాకెట్ తీసుకెళ్ళడానికి వచ్చింది. విద్య అంటే మన సంఘం ప్రెసిడెంటు ఆంజనేయప్రసాద్ గారి భార్య.

"వదినగారూ, కుక్కని పెంచుతున్నారా ఏమిటి? జాకెట్ నిండా నల్ల బొచ్చు!"

"మాది కాదమ్మా. పక్క అపార్ట్‌మెంట్‌ వాళ్ళది. తలుపు తీస్తే చాలు, లోపలికొచ్చేస్తుంది."

ఆయన పక్కగదిలోనే ఉన్నారు. ఆమె వెళ్ళాక బయటికి వచ్చి, "కుక్క పేరేమిటి?" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పటికి అది నవ్వులాటే.

కుట్టడం పూర్తయ్యాక ఆయనకి తొడిగి చూశాను. వెంట్రుకలన్నీ పైకి లేచి ఉన్నాయి. వెల్వెట్ జాకెట్ కత్తిరించేటప్పుడు గుడ్డ వాలు పైకి ఉండేలా పెట్టుకుంటే రంగు నిండుగా కనిపిస్తుంది. నాకు కుట్టు నేర్పినావిడ అలాగే నేర్పింది. ఆ అలవాటు చేత్తో బొచ్చు గుడ్డ కూడా అలాగే కత్తిరించేశాను. ఏ జంతువుకైనా వెంట్రుక కిందికి వాలుతుందన్న మాటే తోచలేదు. ఎలుగుబంటికి భయంతో ఒళ్ళు జలదరించినట్టుంది.

"విప్పేస్తానండీ. మళ్ళీ కొత్త గుడ్డతో కుడతాను."

అద్దం ముందు నిలబడి తల అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. ఒళ్ళు తడుముకున్నారు. తడిమిన చోట వెంట్రుక కిందికి పడి నల్లగా నిగనిగలాడింది. వేలి చార అలాగే నిలిచిపోయింది. నోరు విప్పకూడదు కదా, తల మాత్రం అడ్డంగా ఊపారు. వద్దని.

దానికి ఇప్ప అని పేరు పెట్టారు. ఎలుగుబంట్లకి ఇప్పపువ్వు ఇష్టం.

మరుసటి ఏడాది వర్జీనియాలో ఒక పెద్ద హోటల్లో వాళ్ళందరూ చేరే కన్వెన్షన్‌కి తీసుకెళ్ళారు. తొడుక్కున్నవాళ్ళకి కిందికి కనిపించదు, పక్కకి కనిపించదు. మెట్లు వస్తే చెప్పడానికి, తోక ఎవరూ లాగకుండా చూడటానికి ఒక మనిషి పక్కన ఉండాలి. హ్యాండ్లర్ అంటారు. ఆ పని నాది. నేర్పింది డార్లీన్. ఆయన శనివారం నేస్తాల్లో ఒకావిడ, పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు, యాభై దాటిన మనిషి.

"మూడే మూడు, హనీ. ఇరవై నిమిషాలకోసారి నీళ్ళు. లోపల ఒళ్ళు ఉడికిపోతుంది. ఎవరూ చూడనిచోటికి తీసుకెళ్ళి తల తీయించు. ఆయన మాట్లాడలేడు కాబట్టి ఆయన తరఫున నువ్వు మాట్లాడు." నీళ్ళ బాటిల్ నా చేతిలో పెట్టింది.

అక్కడా మన పార్టీల్లాగే పెద్దా చిన్నా ఉన్నాయని గంటలో తెలిసిపోయింది. ఒట్టి చెవులూ తోకా పెట్టుకున్నవాళ్ళు కింద మెట్టు. తలా చేతులూ మాత్రం ఉన్నవాళ్ళు మధ్య మెట్టు. నిలువెల్లా ఉన్నవాళ్ళు పైన. వాళ్ళలోనూ ఎవరు కుట్టారన్నదే మొదటి ప్రశ్న. పేరున్నవాళ్ళ చేత కుట్టించుకోవాలంటే రెండేళ్ళు ఎదురుచూడాలట.

ఒక తెల్ల తోడేలు వచ్చింది. ఒక్క వెంట్రుక పక్కకి లేదు, కళ్ళు నిజం కళ్ళే. దాని హ్యాండ్లర్ కుర్రది అడిగింది, "హూ మేడ్ హిమ్?"

"ఐ మేడ్," అన్నాను.

తోడేలు మా ఆయన చుట్టూ ఒకసారి తిరిగింది. ఆ పిల్ల నా వైపు జాలిగా చూసి, "హెయిర్ ఉల్టాగా ఉంది, తెలుసా?" అన్న అర్థం వచ్చేలా చెయ్యి కింది నుంచి పైకి ఆడించింది. వెళ్ళిపోయారు. గ్రూప్ ఫోటోలో మంచి సూట్లన్నీ ముందు, మేము చిట్టచివరి వరసలో. ఆ ఫోటోలో మా ఆయనది ఒక చెవి కనిపిస్తుంది.

మర్నాడు హోటల్ లాబీలో ఇప్ప ఒక స్తంభానికి ఆనుకుని వీపు గోక్కోవడం మొదలుపెట్టాడు. తొందరలేదు. పైకీ కిందికీ, కళ్ళు మూసుకున్నట్టు తల వాల్చి. రుద్దిన చోటల్లా వీపు రంగు మారుతోంది. ఒక చిన్నపిల్ల వచ్చి వేలితో గీత గీసింది. గీత నిలిచింది. సూర్యుణ్ణి వేసింది. ఇప్ప వెనక్కి తల తిప్పి చూసుకోబోయాడు, కనిపించలేదు. ఇంకా తిప్పాడు, తనచుట్టూ తాను తిరిగాడు. పిల్లలంతా విరగబడి నవ్వారు. పావుగంటలో లాబీ అంతా మా చుట్టూ. వేళ్ళతో రాయడం, ఇప్ప ఒళ్ళు దులపడం, చెరిగిపోవడం, మళ్ళీ రాయడం. తెల్ల తోడేలు లిఫ్టు దగ్గర ఒక్కటే నిలబడి ఉంది.

నా పొరపాటుని ఆయన ఆటగా మార్చుకున్నారు. అక్కడ నాకు సిగ్గు వేయలేదు. నిజం చెప్పాలి, అక్కడ నన్నెరిగినవాళ్ళు ఎవరూ లేరు.

2009 దీపావళికి మన సంఘం పిల్లల కోసం పిలిచిన జోకరు రాలేనన్నాడు. ఆంజనేయప్రసాద్ గారు నాకు ఫోన్ చేసి, "అమ్మా, మీకెవరైనా తెలుసా? పిల్లలు గోల చేస్తారు," అన్నారు. నేను వంటల కమిటీలో ఉన్నాను. ఫోన్ పెట్టేశాక మా ఆయన అన్నారు, "ఇప్ప వస్తాడని చెప్పు."

"మనవాళ్ళ ముందా? మతిపోయిందేటి మీకు?"

"మనవాళ్ళ ముందే." ఎప్పుడూ లేనిది, ఒక్కగుక్కలో చెప్పారు. "కాంతం, తెల్లవాళ్ళకి నేను తెలుసు. నాలుగేళ్ళుగా కలిసి భోజనాలు చేస్తున్నవాళ్ళకి నేను తెలీదు. ఒక్కసారి తెలియాలి. ఎవరైనా అడిగితే మా ఆయనే అని చెప్పు. నేను నోరు విప్పను కదా, నువ్వే చెప్పాలి."

"సరే," అన్నాను. అన్నాను కదా. అదే నన్ను తినేస్తున్నది.

స్కూలు ఆడిటోరియంలో ఆయన్ని పక్కగదిలో తయారు చేసి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. పిల్లలు చుట్టూ మూగారు. ఆంజనేయప్రసాద్ గారి అమ్మాయి దేదీప్యకి అప్పుడు ఏడేళ్ళు. ఆదివారం తెలుగు బడిలో అప్పుడే అక్షరాలు నేర్చుకుంటోంది. ఇప్ప వీపు మీద వేలితో అ అని రాసింది. ఇప్ప వేలితో గాల్లో అదే అక్షరం రాసి చూపించాడు. పిల్ల కేకపెట్టింది. "మమ్మీ! బేర్‌కి తెలుగు వచ్చు!"

పెద్దవాళ్ళు కూడా సెల్‌ఫోన్లు పక్కన పెట్టి చూస్తున్నారు. విద్యా, ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళూ నా దగ్గరికి వచ్చారు.

"ఎవరు వదినగారూ లోపల? భలే చేస్తున్నాడు!"

మాట నాలుక చివరే ఉంది. ఆరు అడుగుల దూరంలో ఇప్ప మా వైపు తిరిగాడు. అందరూ నా ముఖంలోకి చూస్తున్నారు, పట్టుచీరల్లో, నగల్లో. మా అమ్మ చేటతో బియ్యం పోయడం గుర్తొచ్చింది.

"ఎవరో అమెరికనటమ్మా. అద్దెకి తెచ్చాం."

ఆయన విన్నారు. తల లోపల ఫ్యాను తిరుగుతుంది కానీ చెవులు మూయదు. ఒక్క క్షణం కదలకుండా నిలబడి, మళ్ళీ పిల్లల వైపు తిరిగారు.

అప్పుడైనా పక్కన ఉండాల్సింది. ఉండలేక వంటింటి వైపు వెళ్ళిపోయాను. నీళ్ళ బాటిల్ నా చేతిలోనే ఉంది. ఇరవై నిమిషాలు గడిచాయి. నలభై గడిచాయి. పులిహోర కలుపుతున్నట్టు నటిస్తూ తలుపు సందులోంచి చూస్తున్నాను. ఆంజనేయప్రసాద్ గారు లోపలికి వచ్చారు.

"చెల్లెమ్మా, చక్రపాణి రాలేదే?"

"ఆఫీసులో పనండీ."

"వస్తే మాత్రం ఏం మాట్లాడతాడులే! గోడకి కాపలా కాస్తాడు." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ పెదవులు సాగదీశాను. "సరే కానీ, ఆ ఎలుగుబంటిని ఎలాగూ గంటల లెక్కన తెచ్చాంగా. ఆ కుర్చీలు కూడా కాస్త పట్టించండి. ఒళ్ళు బాగానే ఉంది."

నేను చెప్పలేదు. ఆంజనేయప్రసాద్ గారే వెళ్ళి చేతులతో సైగ చేశారు. ఇప్ప కుర్చీలు మోశాడు. రెండు చేతుల్లో రెండేసి. పిల్లలు వెనకాలే చప్పట్లు కొడుతూ తిరిగారు. కిందికి కనిపించదు కాబట్టి స్టేజీ మెట్టు తగిలి ఒకసారి తూలాడు. అది కూడా ఆటే అనుకున్నారు.

భోజనాలప్పుడు విద్య ఒక కాగితం ప్లేటు నా చేతికిచ్చింది. "పాపం, ఆ మనిషికి ఇచ్చిరండి వదినగారూ. కారం తగిలితే తట్టుకోలేడు, పులిహోర కొంచెమే పెట్టాను. అక్కడ బయటే తినమనండి, ఇక్కడ వెంట్రుకలు రాలతాయి."

చీపుర్లు పెట్టే గది పక్కన కారిడార్‌లో కూర్చుని ఉన్నాడు ఇప్ప. విద్య నా వెనకే గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను ప్లేటు చాపి, "ఫుడ్ ఫర్ యూ," అన్నాను. ఇంగ్లీషులో. నా మొగుడితో.

ఆయన రెండు పంజాలతో అందుకున్నారు. వంగి, తల నేల దాకా వంచారు. విద్య, "ఎంత మర్యాదో చూడండి," అంది.

కారు దగ్గరికి వచ్చి తల తీసేసరికి ఆయన ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. పెదవులు ఎండిపోయాయి. బాటిల్ ఇస్తే ఆపకుండా తాగారు. నేను ఏడుస్తున్నాను. ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అన్నారు, "చెప్పకపోవడమే మంచిదిలే కాంతం. లోపల ఎవరున్నారో చెప్పకూడదనేగా మా రూలు. రూలు ప్రకారమే చేశావు."

ఇంటి దగ్గర అన్న మాట ఆయనకీ గుర్తుంది, నాకూ గుర్తుంది. అయినా ఆ రూలు చాటున నేను దూరిపోయాను. దూరడానికి చోటిచ్చారు ఆయన.

కాస్త దూరం పోయాక, "పులిహోర బాగుంది. కారమే తక్కువైంది," అన్నారు.

ఆ తర్వాత నన్ను ఎప్పుడూ రమ్మనలేదు. శనివారాలు వెళ్ళేవారు, డార్లీన్ తోడు ఉండేది. నేను అడగలేదు. ప్రతి దీపావళికీ మీరందరూ అనేవారు, "ఆ ఏడాది అద్దెకి తెచ్చిన ఎలుగుబంటి ఎంత బాగా చేశాడో! నంబర్ ఉందా?" అని. "ఊరు మారిపోయాడటండీ," అనేదాన్ని. మా ఆయన అక్కడే గోడకి ఆనుకుని ప్లేటు పట్టుకుని ఉండేవారు. ఒకసారి ఆంజనేయప్రసాద్ గారు ఆయన భుజం తట్టి, "నువ్వు మిస్సయ్యావయ్యా ఆ రోజు," అన్నారు. "అవునండీ. మంచి మనిషే అయ్యుంటాడు," అన్నారు ఈయన. ఎన్నేళ్ళు? నాలుగు దీపావళులు. నాలుగుసార్లు నోరు తెరిచే వీలు వచ్చింది నాకు.

2014 ఫిబ్రవరిలో, గ్రీన్‌కార్డు వచ్చి రెండేళ్ళు తిరగకుండానే, ఆఫీసు పార్కింగ్ లాట్‌లో కారు దిగుతూ పడిపోయారు. గుండె. యాభై ఒకటి.

ఫ్యునరల్ హోమ్‌కి డార్లీన్, ఇంకో పదిమంది వచ్చారు. మామూలు బట్టల్లో, వెనక బెంచీలో కూర్చున్నారు. "వాళ్ళెవరు వదినగారూ?" అంది విద్య.

"ఆఫీసువాళ్ళమ్మా."

ఆయన ఎదురుగా పెట్టెలో ఉన్నారు. అప్పుడూ అదే నోరు.

నెల తర్వాత ఒక ఆదివారం పగలు డార్లీన్ వచ్చి, ఇప్ప తల తీసుకుని రమ్మని నన్ను వాళ్ళు కలుసుకునే బౌలింగ్ ఆడే చోటికి తీసుకెళ్ళింది. ఒక కుర్చీ మీద తల పెట్టారు. బతికుండగా వాళ్ళు లోపలి మనిషి పేరు చెప్పరు. పోయాక మాత్రం ఇంటివాళ్ళు రెండు పేర్లూ కలిపి చెబుతారట. ఆ పదిమందికీ ఉన్న పద్ధతి అది. నన్ను చెప్పమన్నారు.

"ఇప్ప. చక్రపాణి," అన్నాను. ఒక్కొక్కరూ వచ్చి తల మీది వెంట్రుకని కిందికి నిమిరారు. వదిలేస్తే మళ్ళీ లేచింది. కొందరు ఏడుపులోనే నవ్వారు.

పక్కన కూర్చుని డార్లీన్ నా చెయ్యి పట్టుకుంది. "నీకు తెలుసో లేదో హనీ, మాలో అతనికి ఉన్న గౌరవం ఎవరికీ లేదు."

"ఆ సూటు వల్లనా?" అన్నాను.

"సూటు వల్ల కాదు. నీ వల్ల. మాలో ఎవరి ఇంటివాళ్ళూ మా గురించి నలుగురిలో ఒప్పుకోరు. మా అక్క నన్ను క్రిస్మస్‌కి పిలుస్తుంది, ఈ మాట ఎత్తొద్దని షరతు పెట్టి. పేరున్న సూట్లు ఉన్నవాళ్ళు కూడా చాక్‌ చుట్టూ చేరి అతని చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవాళ్ళు. మీ దీపాల పండగరోజు, మీవాళ్ళందరి ముందు నువ్వు అతని చెయ్యి పట్టుకుని, ఇతను నా భర్త అని చెప్పావని."

చాక్ అంటే మా ఆయనే. ఆ బ్యాడ్మింటన్ మాట తప్ప ఆయన అబద్ధం ఆడగా నేను ఎన్నడూ వినలేదు. ఇంకొకటి ఆడింది నన్ను నిలబెట్టడానికి.

"అవును," అనగలిగానా? "కాదు," అనగలిగానా? తల దించుకున్నాను. డార్లీన్ అది దుఃఖం అనుకుంది.

ఇదంతా జరిగి ఏడాది. సావనీర్‌కి ఒక ఫోటో కూడా పంపమన్నారు. ఆయనది కోటు, టై వేసుకుని పాస్‌పోర్టుకి తీయించుకున్నది ఉంది. అందులో ఆయన గోడకి ఆనుకున్నట్టే ఉంటారు. పోయిన వారం నేను వేరేది పంపాను. ఆ దీపావళి రోజు విద్య తీసి, అందరికీ పంచిన వాటిలోది. రెండో రోజే ఆంజనేయప్రసాద్ గారు ఫోన్ చేశారు.

"చెల్లెమ్మా, ఏదో పొరపాటు పడ్డట్టుంది. ఆ అద్దె ఎలుగుబంటి ఫోటో వచ్చింది. చక్రపాణిది పంపండి."

"పొరపాటు కాదన్నయ్యగారూ. అది ఆయన ఫోటోయే."

"అంటే?"

"అంటే ఆయనే. అద్దె మనిషి ఎవరూ లేరు. అది కుట్టింది నేను."

"మరి ఆ రోజు నేను కుర్చీలు..." అని ఆగిపోయారు. "గోడకి కాపలా అని కూడా... విన్నాడా?"

"విన్నారు."

"ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదమ్మా మాతో!"

"నేను చెప్పాలి. చెప్పమని ఆయన అడిగారు కూడా. నేనే చెప్పలేదు. మీ తప్పేం లేదు."

దేదీప్యకి ఇప్పుడు పన్నెండో పదమూడో. ఆ పిల్ల వెనక నుంచి, "డాడీ, ఈజ్ దట్ చక్రపాణి అంకుల్?" అని అడగడం వినిపించింది. ఆయన నాతో, "ఫోటో కింద ఏమని వేయమంటారు?" అన్నారు.

ఇలా వేయండి అన్నయ్యగారూ. పిల్ల వేలితో వీపు మీద అక్షరం రాస్తుంటే మెడ తిప్పి చూస్తున్నది ఇప్ప. లోపల ఉన్నది చక్రపాణి. వెనక వంటింటి తలుపు దగ్గర సగం ముఖం కనిపిస్తున్నది ఆయన భార్య లక్ష్మీకాంతం. ఆమె చేతిలో ఉన్నది ఆయన నీళ్ళ బాటిల్.